మస్టర్ పడని రోజుల్లో మనిషి విలువ

బొగ్గు గని ఊళ్లలో మస్టర్ అంటే హాజరు. డ్యూటీకి వచ్చినవాడి పేరు పుస్తకంలోకి ఎక్కితే ఆ రోజుకు మస్టర్ పడినట్టు. వేతనంతో కూడిన సెలవులు రావాలంటే భూగర్భంలో పనిచేసేవాళ్లకు ఏడాదికి 190, పైన పనిచేసేవాళ్లకు 240 మస్టర్లు ఉండాలని గనుల చట్టం లెక్క పెట్టింది. సింగరేణిలో బదిలీ వర్కర్‌గా (డ్యూటీకి రానివాళ్ల బదులు పనిచేసే కార్మికుడిగా) చేరిన కుర్రాడు పర్మనెంట్ కావాలన్నా మస్టర్లే చూస్తారు. అందుకే కోల్‌బెల్టు ఇళ్లలో జీతం ఎంతొచ్చిందన్న ప్రశ్నతో పాటు మస్టర్లు ఎన్ని పడ్డాయన్న ప్రశ్న కూడా వినిపిస్తుంది.

మస్టర్ వల్ల డబ్బు వస్తుందని అందరికీ తెలుసు. దాంతో మరొకటి కూడా వస్తుంది. ఈ మనిషి ఇవాళ వచ్చాడు, ఇతని పని ఇవాళ జరిగింది అని ఇంకొకరు గుర్తిస్తారు. రోజూ దొరికే ఆ గుర్తింపు ఆగిపోతే మనిషి లోపల ఏమవుతుంది? దాన్ని మళ్లీ ఎలా కూడగట్టుకోవాలి? బెల్లంపల్లి లాంటి ఊళ్లో ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఉంది, బయటికి అడిగేవాళ్లే తక్కువ.

ముందు విషయం ఏమిటో చూద్దాం. మనస్తత్వ శాస్త్రంలో ఆత్మగౌరవం (తన విలువ గురించి తనకున్న మొత్తం అంచనా) అనే మాటకు పరిమితమైన అర్థం ఉంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మారిస్ రోజెన్‌బర్గ్ 1965లో దాన్ని కొలవడానికి పది వాక్యాల ప్రశ్నావళి ఇచ్చాడు. ప్రపంచమంతా ఇప్పటికీ దాన్నే ఎక్కువగా వాడుతున్నారు. నాలోనూ మంచి గుణాలున్నాయి, నేను కనీసం ఇతరులతో సమానమైన మనిషిని అనే తరహా మాటలకు మనం ఎంతవరకు ఒప్పుకుంటామో చెప్పాలి. నేను అందరికంటే గొప్ప అనే వాక్యం మాత్రం ఆ పదింటిలో లేదు. ఇది గమనించాల్సిన సంగతి. తన మీద తనకు గౌరవం ఉన్నవాడికి ఎవరినీ తక్కువ చేయాల్సిన పని ఉండదు.

ఆత్మవిశ్వాసం దీనికి దగ్గరి చుట్టమే కానీ ఒకటే కాదు. డంపర్ నడపడంలో చేయి తిరిగినవాడికి స్టీరింగ్ ముందు ఎంతో ధైర్యం ఉండొచ్చు. అదే మనిషి ఇంటికొచ్చాక తానెందుకూ పనికిరానని అనుకోవచ్చు.

ఇక ఊరి సంగతి. బెల్లంపల్లిలో 1920ల చివర్లో బొగ్గు తవ్వకం మొదలైంది. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం 1929లో పూర్తయ్యాక ఆ బొగ్గుకు దారి దొరికింది. గనులు, పవర్‌హౌస్, ఆసుపత్రి, క్వార్టర్లు, తిలక్ స్టేడియం, ఇలా ఊరంతా కంపెనీ చుట్టూ పెరిగింది. తర్వాత పాత గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఏరియాకు ఇప్పటికీ బెల్లంపల్లి పేరే ఉంది, జీఎం ఆఫీసు మాత్రం గోలేటిలో ఉంది. సింగరేణి మొత్తం మీద 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. తట్ట, చెమ్మస్ పట్టుకుని బొగ్గు నింపిన ఫిల్లర్ల పనిని యంత్రాలు, ఓపెన్‌కాస్టులు లాక్కున్నాయి.

కార్మికుల ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. తండ్రి ఉద్యోగం కొడుక్కు రావడం ఇక్కడ చాలాకాలం మామూలు విషయం. వారసత్వ ఉద్యోగాలు 1990ల చివర్లో ఆగాయి. వాటిని మళ్లీ తేవడానికి పెట్టిన పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. 2018 నుంచి కారుణ్య నియామకాలు నడుస్తున్నాయి. తండ్రి డ్యూటీకి తగడని, అంటే అన్‌ఫిట్ అని, కొత్తగూడెం మెడికల్ బోర్డు తేల్చాలి. అప్పుడే కొడుక్కు దారి. ఈలోగా కుర్రాడు డిగ్రీ చదివి ఉంటాడు, ఏదో కోర్సు చేసి ఉంటాడు. కాంటా చౌరస్తాలో తెలిసినాయన కనబడి, "ఏం జేస్తున్నవ్‌రా?" అంటాడు. "ఖాళీగనే ఉన్న కాకా, అయ్య నౌకరి కోసం చూస్తున్నం." ఈ జవాబులో కుర్రాడు చేస్తున్న పని ఒక్కటీ లేదు. పొద్దున చెల్లెల్ని కాలేజీలో దింపి ఉండొచ్చు, నాయనమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లి ఉండొచ్చు. అవేవీ లెక్కలోకి రాలేదు. ఆయన లెక్కపెట్టలేదు, వీడూ లెక్కపెట్టుకోలేదు.

దీన్ని సోమరితనం అని కొట్టిపారేయడం తేలిక. అలా అనే ముందు ఆస్ట్రియాలోని మారియెంతాల్ అనే ఊరి గురించి తెలుసుకోవాలి. వియన్నాకు దగ్గర్లోని ఆ ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1929–30 ప్రాంతంలో మిల్లు మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు తమ బృందంతో ఆ ఊరిని పరిశీలించి, 1933లో పుస్తకం ప్రచురించారు. పని పోయి చేతినిండా తీరిక వచ్చింది కదా, గ్రంథాలయానికి జనం ఎక్కువగా వెళ్లాలి. జరిగింది వేరు. చదవడానికి తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. పరిశోధకులు కిటికీ వెనక నుంచి వీధిలో నడిచేవాళ్ల వేగాన్ని కూడా లెక్కించారు. పనిలేని మగవాళ్లు నెమ్మదిగా నడిచేవారు, దారిలో ఊరికే ఆగేవారు. ఇంటిపని తప్పని ఆడవాళ్లు వాళ్లకంటే వేగంగా నడిచేవారు. రోజంతా ఏం చేశారో గంటల వారీగా రాయమంటే మగవాళ్లకు రాయడానికి ఏమీ దొరకలేదు.

యహోదా తర్వాతి సంవత్సరాల్లో దీనికి కారణాన్ని విడదీసి చెప్పింది. ఉద్యోగం జీతంతో పాటు ఐదు సంగతులు ఇస్తుంది: రోజుకు ఒక క్రమం, ఇంటి బయటి మనుషులతో సంబంధం, నలుగురితో కలిసి చేసే లక్ష్యం, సమాజంలో ఒక స్థానం, శరీరానికీ మనసుకూ కదలిక. పని పోతే ఐదూ ఒక్కసారే పోతాయి. మనిషికి తన మీద గౌరవం తగ్గడం ఆ తర్వాత జరిగేది. షిఫ్టు సైరన్‌తో లేచి, సైరన్‌తో పడుకున్న ఊళ్లకు ఇది వేరే దేశపు కథలా అనిపించదు.

అయితే కారణం బయట ఉంటే, లోపల కలిగే బాధకు అర్థమేమిటి? అమెరికా మనస్తత్వవేత్త మార్క్ లియరీ 1995లో ఒక వివరణ ఇచ్చాడు. ఆత్మగౌరవం ఒక సూచిక అంటాడు ఆయన. నలుగురూ మనల్ని కలుపుకుంటున్నారా, పక్కన పెడుతున్నారా అన్నది అది చూపిస్తుంది. మైనింగ్ సర్దార్ చేతిలోని సేఫ్టీ ల్యాంపును గుర్తుచేసుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. గనిలో మీథేన్ చేరితే, తగ్గించిన దీపం మంట చుట్టూ నీలిరంగు పొర కనబడుతుంది. అది చూసిన సర్దార్ దీపాన్ని తుడుస్తూ కూర్చోడు. గాలి ఎక్కడ ఆగిందో వెతుకుతాడు. తన మీద తనకు చిన్నచూపు కలిగినప్పుడు కూడా ముందుగా చేయాల్సింది అదే. నా స్వభావమే ఇంత అని తేల్చేయకుండా, ఈ మధ్య ఏ మనుషులకు దూరమయ్యాను, ఏ పని ఆగిపోయింది అని చూసుకోవాలి.

మార్కెట్లో దొరికే సలహా దీనికి పూర్తిగా వేరు. అద్దం ముందు నిలబడి నేను గొప్పవాణ్ని అని రోజూ పదిసార్లు అనుకోమంటారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోఆన్ వుడ్, ఆమె సహచరులు దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. నేను ప్రేమించదగిన మనిషిని అనే అర్థం వచ్చే వాక్యాన్ని కొందరి చేత పదేపదే అనిపించారు. ఆత్మగౌరవం ముందే బాగా ఉన్నవాళ్లకు కొద్దిగా మేలు జరిగింది. తక్కువ ఉన్నవాళ్ల మనసు మరింత కుంగింది. ఎవరికి మందు అవసరమో వాళ్లకే అది వికటించింది. ఎందుకంటే, మనం నమ్మని మాటను గట్టిగా అన్నప్పుడు లోపలి నుంచి దానికి ఎదురు వాదన వస్తుంది. నిజంగానా, మొన్న పరీక్షలో ఏమైంది, అంటుంది మనసు. నినాదం కంటే ఆ వాదన దగ్గరే సాక్ష్యాలు ఎక్కువ ఉంటాయి.

ఇక్కడ తెలంగాణ పాఠకుడికి ఒక సందేహం రావాలి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో పిల్లలు చేసేది ఇదే కదా? బెల్లంపల్లిలో కూడా ఈ గురుకులాల ప్రతిభా కళాశాల ఉంది, ఊళ్లో అందరూ సీఓఈ అంటారు. అప్పట్లో ఐపీఎస్ అధికారి అయిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2012 నుంచి 2021 వరకు ఈ గురుకులాల సంస్థకు కార్యదర్శిగా ఉన్నారు. ఆయన కాలంలో విద్యార్థులు తమను స్వేరోలు అని పిలుచుకోవడం, పది సూత్రాలను బడి అసెంబ్లీలో కలిసి పలకడం అలవాటైంది. తాము ఎవరికంటేనూ తక్కువ కామన్నది మొదటి సూత్రం. పట్టు వదలబోమన్నది చివరిది. ఇది అద్దం ముందు మంత్రం కంటే ఏ రకంగా వేరు?

నా అంచనాలో రెండు తేడాలున్నాయి. ఒకటి, ఆ పిల్లల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. నువ్వు తక్కువ అన్న మాట వాళ్ల మనసులో పుట్టింది కాదు, తరాలుగా బయటి నుంచి వినబడింది. దానికి జవాబు కూడా బయటికే, వందల గొంతులతో కలిసి చెప్పాల్సి ఉంటుంది. ఒంటరిగా అద్దం ముందు అనుకునే మాటకు ఆ బలం రాదు. రెండు, మాటతో ఆగలేదు, వెనక పని ఉంది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అనే ఇద్దరు గురుకుల విద్యార్థులు ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పుడు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. అయితే వాళ్లు నేరుగా ఎవరెస్టు దగ్గరికి వెళ్లలేదు. ముందు భువనగిరి గుట్ట మీద తాళ్లతో ఎక్కడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ పొందారు. ఆపైన లడఖ్ చలిలో ఉండి వచ్చారు. చాలామంది పిల్లలతో మొదలై ఇద్దరు చివరిదాకా నిలిచారు.

ఆల్బర్ట్ బాండురా 1977లో చెప్పిన సిద్ధాంతానికి ఇంతకంటే మంచి తెలుగు ఉదాహరణ నాకు తెలియదు. స్వసామర్థ్య విశ్వాసం (ఈ పని నేను చేయగలనన్న నమ్మకం) నాలుగు చోట్ల నుంచి వస్తుందంటాడు బాండురా. అన్నింటికంటే బలమైనది సొంతంగా చేసి గెలిచిన అనుభవం. భువనగిరి గుట్ట అదే. తర్వాతిది తనలాంటి మనిషి చేయడం చూడడం. పూర్ణ ఎక్కడాన్ని చూసిన హాస్టల్ పిల్లలకు దొరికింది అది. మూడోది ఇతరులు ఇచ్చే ప్రోత్సాహపు మాట, నాలుగోది శరీర స్థితి. గుండె దడను భయం అనుకుంటామా, ఉత్సాహం అనుకుంటామా అన్నదాన్ని బట్టి కూడా నమ్మకం మారుతుంది. మాటకు విలువ లేదని కాదు. మొదటి రెండూ ఉన్నచోటే అది నిలుస్తుంది.

2003లో రాయ్ బౌమైస్టర్, అతని సహచరులు అప్పటివరకు వచ్చిన పరిశోధనలను జల్లెడపట్టినప్పుడు కూడా దాదాపు ఇదే తేలింది. ఆత్మగౌరవం పెంచితే మార్కులు పెరుగుతాయన్న ఆశకు ఆధారం పెద్దగా దొరకలేదు. బాగా చదవడం వల్ల ఆత్మగౌరవం పెరగడం మాత్రం కనబడింది. ఆత్మగౌరవం ఉన్నవాళ్లు ఎక్కువ సంతోషంగా ఉండడం, ఓటమి తర్వాత కూడా ప్రయత్నం కొనసాగించడం నిజమేనని వాళ్లు ఒప్పుకున్నారు. తర్వాతి పరిశోధకుల్లో కొందరు చదువులో, ఉద్యోగంలో కూడా చిన్నపాటి మేలు ఉందని చూపారు. ఏమైనా బండిని ముందుకు లాగేది ప్రధానంగా పనే.

ఇంతవరకు వచ్చాం కనుక, రోజువారీ జీవితంలో ఏం చేయాలన్నది చెప్పుకోవచ్చు.

ఎదురుచూపులో ఉన్న కుర్రాడికి మొదట కావాల్సింది వేళ. రోజులో ఒక గంటకు ఒక పని పేరు పెట్టాలి. ఆ పని ఎంత చిన్నదంటే, మనసు బాగాలేని రోజున కూడా చేయగలిగేంత. పోటీ పరీక్షకు ఆరు గంటలు చదువుతానని మొదలుపెట్టి మూడో రోజున ఆపేసినవాడి ఖాతాలో ఇంకో ఓటమి చేరుతుంది. నలభై నిమిషాలు చదువుతానని చదివినవాడి ఖాతాలో చేసిన పని చేరుతుంది. అలవాటు పడ్డాక బరువు పెంచుకోవచ్చు. భువనగిరి తర్వాతే లడఖ్.

రాత్రి పడుకునే ముందు నోటుపుస్తకంలో ఆ రోజు చేసినవి రెండు మూడు రాసుకోవాలి. విశేషణాలు వద్దు, క్రియలు రాయాలి. ఇవాళ మంచిగా ఉన్నాను అని రాస్తే మనసు దానితో వాదించగలదు. కరెంటు బిల్లు కట్టాను, పక్కింటి పాపకు లెక్కలు చెప్పాను, రెండు కిలోమీటర్లు నడిచాను అని రాస్తే వాదించడానికేమీ ఉండదు. జరిగింది జరిగినట్టే ఉంటుంది.

ఆ పుస్తకంలోనే అప్పుడప్పుడు మరో రకం రాత రాయవచ్చు. నాకు జీవితంలో ముఖ్యమైనదేది, ఎందుకు ముఖ్యం అని ఓ పావుగంట రాసుకోవడం. స్నేహం, కుటుంబం, పాట, దేవుడు, ఆట, ఏదైనా సరే. జెఫ్రీ కోహెన్ బృందం అమెరికాలో ఏడో తరగతి పిల్లలతో ఇలా రాయించి 2006లో ఫలితాలు ప్రచురించింది. చిన్నచూపుకు గురయ్యే నల్లజాతి పిల్లల మార్కులు పెరిగాయి. తర్వాత జరిగిన పెద్ద ప్రయోగాల్లో అంత ఫలితం రాలేదు, కొన్నిచోట్ల అసలు కనబడలేదు. కాబట్టి దీన్ని మంత్రంగా చూడనక్కర్లేదు. కానీ ఇందులో నష్టమేమీ లేదు, పైగా ఒక ఉపయోగం ఉంది. మనం ఉద్యోగం అనే ఒక్క కొక్కేనికే మన విలువనంతా తగిలించామా అన్నది రాస్తుంటే తెలిసిపోతుంది.

ఆ ఒక్క కొక్కెం ప్రమాదకరం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ క్రాకర్, ఆమె సహచరులు పై చదువులకు దరఖాస్తు పెట్టిన విద్యార్థులను గమనించారు. సీటు వచ్చిందన్న కబురు అందిన రోజు వాళ్ల ఆత్మగౌరవం పెరిగేది, రాలేదన్న రోజు పడేది. అది సహజమే. కానీ చదువే నా విలువ అనుకున్నవాళ్లలో ఈ ఊగిసలాట ఎక్కువ. నోటిఫికేషన్, హాల్ టికెట్, కీ, ఫలితం చుట్టూ ఏళ్ల తరబడి తిరిగే మన పిల్లలకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

తర్వాతి సంగతి మనుషులు. మనం రాకపోతే ఎవరో ఒకరు ఎందుకు రాలేదని అడిగే చోటు ఒకటి ఉండాలి. పొద్దున్నే స్టేడియంలో వాలీబాల్ జట్టు కావచ్చు, గ్రంథాలయంలో కలిసి చదివే నలుగురు కావచ్చు, రక్తదాన బృందం కావచ్చు. ఫోన్‌లో వచ్చే లైకులు ఈ పని చేయవు. మనం లేకపోయినా వాటికి తేడా తెలియదు.

ఇంటిపని చేసే ఆడవాళ్ల సంగతి వేరేగా చెప్పాలి. ఫస్ట్ షిఫ్టుకు వెళ్లే మనిషికి తెల్లవారకముందే టిఫిన్ డబ్బా కట్టి, నైట్ షిఫ్టు దిగొచ్చినవాడు పగలు నిద్రపోతుంటే పిల్లల్ని సద్దుమణిగించిన ఇల్లాలికి ఏ రోజూ మస్టర్ పడలేదు. ఆమె పని ఆగదు కనుక మారియెంతాల్ ఆడవాళ్లలాగే ఆమె నడక మందగించదు. కానీ ఆ పనిని లెక్కించేవాళ్లు ఉండరు. పొదుపు సంఘాలు తెలుగు ఊళ్లలో చేసిన మేలులో సగం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. సంఘంలో ఆమె పేరు ఫలానావాళ్ల భార్య అని ఉండదు. ఆమె పేరే ఉంటుంది. వేలిముద్ర చోట సంతకం వస్తుంది. కిస్తీ కట్టిన తేదీ పాస్‌బుక్‌లో కనబడుతుంది. వడ్డీ లెక్కల గురించి మాట్లాడుకునే మనం ఆ సంతకం గురించి తక్కువ మాట్లాడతాం.

పిల్లల్ని పెంచేవాళ్లకు ఒక హెచ్చరిక. పొగడ్త కూడా అతిగా పోతే బెడిసికొడుతుంది. నెదర్లాండ్స్‌లో ఎడ్డీ బ్రుమెల్‌మన్ బృందం 2014లో చూపించింది ఇది: ఆత్మగౌరవం తక్కువ ఉన్న పిల్లల బొమ్మను బాగుంది అంటే సరిపోయేది, మహాద్భుతంగా ఉంది అని పెంచి చెబితే వాళ్లు తర్వాత కష్టమైన బొమ్మలకు వెనుకాడారు. ఆ స్థాయిని మళ్లీ అందుకోలేమేమో అన్న బెదురు పట్టుకుంటుంది. అంతకుముందు 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ చేసిన ప్రయోగాల్లోనూ నువ్వు చాలా తెలివైనదానివి అనిపించుకున్న పిల్లలు ఓడిపోగానే పట్టు సడలించారు. బాగా ప్రయత్నించావు అనిపించుకున్నవాళ్లు కొనసాగించారు. కాబట్టి "మా బుజ్జిది కలెక్టరైతది" అనేదానికంటే, "మూడో లెక్క తప్పు పోతే మళ్లోసారి చేసినవ్ గద బిడ్డా, అది మంచిగ చేసినవ్" అనడం పిల్లకు ఎక్కువ పనికొస్తుంది.

రిటైరైనవాళ్లను ఈ లెక్కలో మరిచిపోతుంటాం. సగటున మనుషుల ఆత్మగౌరవం యౌవనం నుంచి మెల్లగా పెరుగుతూ అరవై ఏళ్ల ప్రాంతంలో శిఖరానికి చేరుతుందని, డెబ్బై దాటాక దిగుతుందని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. సింగరేణిలో రిటైర్మెంట్ 61 ఏళ్లకు. అంటే లోపల ఎంతో నిండుగా ఉన్న వయసులో ఒక పొద్దున మస్టర్ ఆగిపోతుంది. ఆ మనిషి దగ్గర జ్ఞానం ఉంది. గని పైకప్పును కర్రతో తట్టి, వచ్చే శబ్దాన్ని బట్టి రాయి గట్టిగా ఉందో, వదులైందో చెప్పగలడు. మైనింగ్ డిప్లొమా చదివే కుర్రాడు దాన్ని పుస్తకంలో చదువుతాడు, ఈయన దాని మీద ఆధారపడి బతికాడు. వారానికి ఒక సాయంత్రం ఆ కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇద్దరికీ ఆ వారం లెక్కలోకి వస్తుంది. సన్మానాలు, శాలువాలు ఈ పని చేయలేవు.

వీటన్నిటికీ ఒక హద్దుంది. ఊళ్లో పని లేకపోవడం అనే సమస్యను నోటుపుస్తకం తీర్చదు. అది ప్రభుత్వం, కంపెనీ, ఊరు కలిసి తేల్చుకోవాల్సింది. అలాగే చిన్నచూపు వేరు, కుంగుబాటు (వైద్యం అవసరమైన మానసిక వ్యాధి) వేరు. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండడం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి తప్పడం కనబడితే డాక్టరును కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగనవసరం లేదు, ఆ రోజే మాట్లాడాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఫోన్ ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో ఎవరి కోసమైనా పక్కనున్నవాళ్లు కూడా ఫోన్ చేయవచ్చు.